విషమునకు లొంగని పురుగు : ప్రత్తిచేను నేర్పిన పాఠము

పురుగుమందు చల్లినచో పురుగు చచ్చునని అందఱు నెఱుగుదురు. ఒకే మందును ఏటేట చల్లుచుండగా, కొన్నాళ్ళకు ఆ మందే చల్లినను పురుగు చావకుండుటయు మన రైతులెఱిగిన విషయమే. “మందు కల్తీయైనది” అని కొందఱును, “పురుగునకు మందు అలవాటు పడినది” అని కొందఱును చెప్పుదురు. కల్తీ మందులు లేకపోలేదు. కాని అలవాటు అను మాటలో పొరపాటు కలదు. మనుష్యుడు పొగాకునకు అలవాటుపడినట్లు పురుగు విషమునకు అలవాటుపడదు. జరుగునది వేఱు. అది యేమో తెలిసినవాడు మందు నెప్పుడు చల్లవలెనో, ఎప్పుడు చల్లరాదో గ్రహించును. తెలియనివాడు ధనమును, పంటను, ఒక్కొక్కప్పుడు ప్రాణమును గూడ పోగొట్టుకొనును. ఆంధ్రదేశమున ప్రత్తి పండించు సీమలు గడచిన నలువది యేండ్లలో ఈ పాఠమును మిక్కిలి వెలయిచ్చి నేర్చినవి. దానినే యిచట వివరింప యత్నించెదను.

చిత్తూరు సీమకు ప్రత్తితో నేమి పనియని చదువరు లడుగవచ్చును. మన మెట్టలయందు వేరుసెనగయు, బావుల క్రింద వరియు చెఱకును, మదనపల్లె ప్రాంతమున టమాటాయు ముఖ్యమైన పంటలు. ప్రత్తికి పేరుగన్నవి గుంటూరు, ప్రకాశము, కర్నూలు, వరంగల్లు మొదలగు సీమలు. అయినను ప్రత్తికాయను తొలుచు శనగపచ్చ పురుగే మన టమాటాను తొలుచుచున్నది, కందికాయను తినుచున్నది, శనగచేనిలోను చేరుచున్నది. నూటికి మించిన జాతుల మొక్కలపై అది బ్రదుకగలదు. రెక్కలు వచ్చిన పిమ్మట అది రాత్రివేళ బహుదూరము ఎగిరిపోవును. ఒకచోట విషమునకు లొంగని సంతతి పుట్టినచో, అది పొలిమేరరాళ్ళను చూచి ఆగిపోదు. కావున పొరుగుసీమ ప్రత్తిచేని కథ మన కథయు నగుచున్నది.

ఇక విషయమునకు వత్తము. ఒక చేనిలో 10,000 పురుగు లున్నవనుకొందము. మనుష్యులలో ఒకరి పోలిక ఒకరికి లేనట్లే పురుగులలోను భేదములు కలవు. ఆ పదివేలలో ఒక పదింటికి మాత్రము పుట్టుకతోడనే విషమును తట్టుకొను శక్తి కలదనుకొందము. ఆ శక్తి మందుచేత వచ్చినది కాదు. మందు చల్లుటకు ముందే యున్నది. రైతు మందు చల్లెను. తక్కిన 9,990 పురుగులలో నూటికి 95 చొప్పున చచ్చెను. సుమారు 500 మిగిలెను. ఆ పదియు చావలేదు. చేను చూచిన రైతు మందు దివ్యముగా పనిచేసినదని సంతోషించెను. కాని మొదట వేయింటికి ఒకటిగా నున్న గట్టి పురుగు ఇప్పుడు ఏబదింటికి ఒకటియైనది.

మిగిలినవి గ్రుడ్లు పెట్టి మఱల 10,000 అయ్యెను. అందు గట్టివి సుమారు 200. రెండవమాఱు మందు చల్లగా మామూలు పురుగులు 490 మిగిలెను. గట్టివి 200 మిగిలెను. మూడవ తరమున 10,000 లో గట్టివి 2,900. మఱల చల్లగా మామూలువి 355 మాత్రమే మిగులును. గట్టివి 2,900 అట్లే నిలుచును. అనగా చేనిలోని పురుగులలో నూటికి 89 ఇప్పుడు ఆ మందును లెక్కచేయనివే. వంశపారంపర్యపు చిక్కులను విడిచి సులభముగా వేసిన లెక్కయిది. పొలములో నిది యింత త్వరగా జరుగకపోవచ్చును. కాని దారి యిదియే. మందు పురుగునకు ఏమియు నేర్పలేదు. అది జల్లెడవలె పనిచేసి, మెత్తనిదానిని రాల్చి గట్టిదానిని నిలిపినది. మంచి విత్తనమును ఏరి దాచుకొను రైతు, తెలియకయే గట్టి పురుగునకు విత్తనము కట్టుచున్నాడు.

తట్టుకొను ఉపాయములు పురుగు శరీరమున పలువిధములుగా నుండును. కొన్నిటి దేహములో విషమును విఱిచివేయు రసములు మిక్కుటముగా నుండును. కొన్నిటి చర్మము దళసరియై విషమును త్వరగా లోనికి పోనీయదు. మఱికొన్నిటియందు విషము తగులవలసిన మర్మస్థానమే మాఱియుండును. తాళపుకప్ప మార్చినచో పాత చెవి పట్టనట్లు, అచట విషము పట్టదు. ఇందు గమనింపవలసిన సంగతి యొకటి కలదు. సైపర్‌మెత్రిన్, ఫెన్‌వలరేట్, డెల్టామెత్రిన్ అను మందుల పేర్లు వేఱు, డబ్బాలు వేఱు, ధరలు వేఱు. కాని అవి యన్నియు పైరిత్రాయిడ్లు అను ఒకే కుటుంబమునకు చెందినవి. పురుగు నరములలో ఒకే ద్వారముపై పనిచేయును. పాతదగు డి.డి.టి. పనిచేయు ద్వారమును అదియే. కావున ఒకటి పనిచేయలేదని వేఱొక డబ్బా కొని తెచ్చు రైతు, మందు మార్చితినని తలచును గాని, పురుగునకు పాత మందే మఱల పోయుచున్నాడు.

ఈ వింత మొన్న మొన్న కనిపెట్టినది కాదు. 1914వ సంవత్సరముననే అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రమున మెలాండర్ అను కీటకశాస్త్రజ్ఞుడు, పండ్లతోటలలోని పొలుసు పురుగు సున్నమును గంధకమును కలిపి కాచిన మందునకు చావకుండుట చూచి, పురుగులు మందులకు లొంగకపోవునాయని ప్రశ్నించెను. డి.డి.టి.కి పురుగులను చంపు శక్తి కలదని 1939లో పాల్ ముల్లర్ కనిపెట్టెను. అందులకై 1948లో ఆయనకు నోబెల్ బహుమాన మీయబడెను. కాని ఆ బహుమానము చేతికి రాకమునుపే, స్వీడను దేశమున డి.డి.టి.కి చావని ఈగలు కనబడెను. అప్పటినుండి ప్రతి క్రొత్త మందు వెనుకను ఇదే కథ నడచుచున్నది.

మన రాష్ట్రమున పైరిత్రాయిడ్లు 1980 ప్రాంతమున వాడుకలోనికి వచ్చెను. కొలది మందుతో శనగపచ్చ పురుగు రాలిపడుట చూచి ప్రత్తి రైతులు వానిని ఆదరించిరి. వారమున కొకమాఱు చల్లుటయు, పురుగున్నను లేకున్నను చల్లుటయు ఆచారమయ్యెను. 1987వ సంవత్సరపు పంటలో గుంటూరు, ప్రకాశము జిల్లాలలో ఎన్నిమాఱులు చల్లినను పురుగు చావలేదు. పొలములనుండి పురుగులను తెచ్చి పరీక్షించి చూడగా, అవి పైరిత్రాయిడ్లకు లొంగని సంతతి యని రుజువయ్యెను. హైదరాబాదు సమీపమున పటాన్‌చెరులో నున్న ఇక్రిశాట్ సంస్థయందు ఈ పరిశోధనలు తరువాతి యేండ్లలోను సాగినవి.

ఆపద యంతటితో నాగలేదు. చేనిలో పురుగులను తిను పురుగులును కలవు. అక్షింతల పురుగు పేనుబంకను తినును. సాలీడు దోమలను పట్టును. కంటికి కానరానంత చిన్న కందిరీగలు పురుగు గ్రుడ్లలో తమ గ్రుడ్లు పెట్టి వానిని చెఱచును. ఇవి కూలి యడుగని కావలివాండ్రు. విషము దొంగను విడిచి ఈ కావలివాండ్రను ముందు చంపినది. అందుచేత అంతవఱకు చిన్న బాధగా నున్న తెల్లదోమ ఆ దశకముననే కోస్తా ప్రత్తిచేలలో ఉప్పెనవలె విజృంభించెను. ఒక పురుగునకై చల్లిన మందు మఱియొక పురుగును పెంచినదన్నమాట.

మందు పనిచేయకపోయిన కొలది రైతు ఎక్కువగా చల్లెను. రెండు మూడు మందులు కలిపి చల్లెను. ఆ మందులు తఱచు అప్పునకు తెచ్చినవి. అప్పిచ్చినవాడే మందమ్మువాడు, ఏ మందు చల్లవలెనో చెప్పువాడును వాడే. 1987–88లో గుంటూరు, ప్రకాశము జిల్లాలలోను, 1997–98లో పొగాకు లద్దెపురుగు విజృంభించిన పంటలో వరంగల్లు జిల్లాలోను, అప్పుల భారము మోయలేక ఎందఱో ప్రత్తి రైతులు ప్రాణములు విడిచిరి. వర్షము, ధర, వడ్డీ మొదలగు కారణములును అందు కలవు. కాని చావని పురుగు ఆ కష్టములకు మొదటనే కూర్చుండియుండెను. ఆ కాలమున దేశపు సాగుభూమిలో నూటికి 5 పాళ్ళు మాత్రమే ప్రత్తి యుండగా, దేశమున వాడిన పురుగుమందులలో ఇంచుమించు సగము ఆ పంటపైననే పడుచుండెను.

అప్పుడు క్రొత్త ఆయుధ మొకటి వచ్చెను. మన్నులో నుండు ఒక సూక్ష్మజీవికి పురుగులను చంపు గుణము కలదు. 1901లో జపాను దేశమున ఇషివాత అను నతడు పట్టుపురుగులు చచ్చుటకు కారణమేమని వెదకుచు దీనిని కనిపెట్టెను. తరువాత జర్మనీలోని తురింగియా సీమ పేరు దానికి వచ్చెను. బీటీ యని మనము వ్యవహరించునది యిదియే. ఆ జీవిలోని విషపదార్థమును పుట్టించు అంశమును ప్రత్తిమొక్కలో చేర్చి, కాయతొలుచు పురుగు తినగనే చచ్చునట్లు చేసిరి. 2002 మార్చి నెలలో మన దేశమున దీనికి అనుమతి లభించెను. 2006లో రెండు విషపదార్థములు గల రెండవ రకము వచ్చెను. పదియేండ్లలో దేశపు ప్రత్తిభూమి దాదాపు అంతయు బీటీ మయమయ్యెను. శనగపచ్చ పురుగు తగ్గెను. దానికై చల్లు మందులును మొదట తగ్గెను. ఇక పురుగు పీడ విరగడయైనదని పలువురు తలచిరి.

కాని జల్లెడ జల్లెడయే. డబ్బాలో నున్నను మొక్కలో నున్నను దాని పని మాఱదు. పైగా డబ్బాలోని మందు చల్లిననాడే యుండును; మొక్కలోని మందు విత్తిననాటినుండి ప్రతిదినము జల్లించుచునే యుండును. ఈ మాఱు మిగిలినది గులాబీరంగు పురుగు. ఇది పాత శత్రువే. భరూచి ప్రాంతపు ప్రత్తినుండి తీసిన పురుగును చూచి సాండర్స్ అను శాస్త్రజ్ఞుడు దీనిని 1843లో మొదట వర్ణించెను. శనగపచ్చ పురుగునకు నూఱు పంట లున్నవి. దీనికి ప్రత్తి తప్ప వేఱు గతి దాదాపుగా లేదు. కావున చేలన్నియు బీటీ యైనపుడు దీని సంతతి యంతయు ఆ జల్లెడలోనే పడెను. 2010లో గుజరాతునందు ఇది మొదటి రకము బీటీకి లొంగుట లేదని విత్తనపు కంపెనీయే ఒప్పుకొనెను. 2015 నాటికి అచటనే రెండవ రకమునకును లొంగుట లేదని తేలెను. ఆ వెనుక ఆంధ్ర తెలంగాణములందును గులాబీ పురుగు ప్రబలెను.

ఇట్లగునని శాస్త్రజ్ఞులు ముందే యెఱుగుదురు. అందులకు విరుగుడును చెప్పియుండిరి. బీటీ విత్తనముతో పాటు 120 గ్రాముల మామూలు ప్రత్తివిత్తనమును వేఱు పొట్లములో నిచ్చి, చేనిచుట్టు వరుసలుగా విత్తుమనిరి. చేను గట్టున పురుగును మేపుమనుట రైతునకు వింతగా తోచెను. పెక్కురు ఆ పొట్లమును పాఱవేసిరి. దాని మర్మమిది. బీటీ చేనిలో మిగిలిన గట్టి పురుగు మఱియొక గట్టి పురుగుతోనే జతగూడినచో పిల్ల లన్నియు గట్టివే యగును. ప్రక్కనే మామూలు మొక్కలపై పెరిగిన మెత్తని పురుగులు వేలకొలది యున్నచో, గట్టిది వానిలో నొకదానితో జతగూడును. తలిదండ్రులలో నొకరినుండి మాత్రమే శక్తి వచ్చిన పిల్ల, బీటీ ఆకు తిని చచ్చును. గట్టి సంతతి పెరుగక అచటనే అణగిపోవును. ఆ చిన్న పొట్లము పురుగునకు పెట్టిన భిక్ష కాదు, మందు ఆయుస్సునకు కట్టిన కంచె. తరువాతి కాలమున మామూలు గింజలను బీటీ గింజలలో కలిపి ఒకే సంచిలో నిచ్చు పద్ధతి ప్రవేశపెట్టబడెను.

అట్లయిన రైతు చేయవలసిన దేమి? విషమునే నమ్ముకొనుటయు, విషమును పూర్తిగా దూషించుటయు రెండును కాక, అనేకోపాయములను కూర్చి, విషమును కడపటి యుపాయముగా నుంచుకొనుటయే నేటి శాస్త్రజ్ఞుల మతము. దీనినే సమగ్ర సస్యరక్షణ యందురు. మొదటిది, చేను చూచుట. ఆడపురుగు వాసనవంటి వాసన గల లింగాకర్షక బుట్టలను చేనిలో కట్టినచో మగపురుగులు వచ్చి పడును. బుట్టకు రాత్రికి 8 చొప్పున మూడు రాత్రులు వరుసగా గులాబీ పురుగు రెక్కలజీవులు పడినప్పుడు, లేదా నూటికి 10 పూలుగాని కాయలుగాని చెడినప్పుడు మాత్రమే మందు మాట తలపవలెను. విచ్చుకొనక ముడుచుకొనియుండు గుడ్డిపూలను ఏరి నాశనము చేయవలెను. చేను చుట్టు బంతియు ఆముదమును వేసినచో, శనగపచ్చ పురుగు బంతిపైనను, లద్దెపురుగు ఆముదముపైనను గ్రుడ్లు పెట్టును. వానిని ఏరివేయుట సులభము. పక్షులు వ్రాలుటకు కొయ్యలు నాటవలెను. 5 కిలోల వేపగింజల పప్పును దంచి నానవేసి తీసిన కషాయమును 100 లీటర్ల నీటికి సరిచేసి చల్లిన, పురుగు గ్రుడ్లు పెట్టుటకును ఆకు తినుటకును ఇచ్చగింపదు. విషమువలె కావలి పురుగులను అంతగా చంపదు. తుదకు విషమే కావలసివచ్చినచో, ఒక కుటుంబపు మందును వెంటవెంటనే రెండుమాఱులు చల్లక, మఱియొక కుటుంబపుదానిని మార్చి వాడవలెను.

గులాబీ పురుగునకు అన్నిటికంటె గొప్ప మందు, పంటను కాలమున ముగించుటయే. ఇది రెండు గింజలను జతచేసికొని వాని నడుమ దాగి నిద్రించును. ఎండు కాయలలోను, మోళ్ళ కుప్పలలోను తలదాచుకొనును. నీరున్నదని డిసెంబరు దాటి వేసవివఱకు ప్రత్తిని నిలిపినచో, దానికి ఏడాది పొడవున అన్నము పెట్టినట్లగును. చేను పీకి మోళ్ళను నాశనము చేసి లోతుగా దున్నినచో తిండిలేక అది నశించును. పెద్దలకు ఈ సంగతి క్రొత్తది కాదు. చిత్తూరు మద్రాసు రాజధానిలో చేరియున్న కాలముననే, 1919లో మద్రాసు వ్యవసాయ చీడపీడల చట్టము పుట్టెను. కోయంబత్తూరు ప్రాంతమున కంబోడియా ప్రత్తిమోళ్ళను గడువులోగా పీకివేయవలెనని దాని క్రింద శాసించిరి. ఒక్కని చేను బాగుపడవలెనన్న ఊరంతయు ఒక్కమాటపై నుండవలె నను ధర్మము ఆ శాసనమున నున్నది.

అట్లు కలిసి నడచినచో నేమగునో అమెరికా చూపినది. 1917లో టెక్సాసున ప్రవేశించిన గులాబీ పురుగును నిర్మూలించుటకు అచట బీటీ ప్రత్తిని, లింగాకర్షక పదార్థములను, దున్నుటను, విత్తుటకు మోళ్ళు తీయుటకు గడువులను, విమానములనుండి విడిచిన గొడ్రాలి పురుగులను అన్నిటిని కూర్చిరి. 2018 అక్టోబరులో ఆ దేశపు ప్రత్తిసీమలనుండి ఈ పురుగు తొలగినట్లు అచటి ప్రభుత్వము ప్రకటించెను. పురుగు ఒక్కటే, బీటీ ఒక్కటే. ఒకచోట మాత్రము గెలుపు కలిగెను. ఒంటరిగా వాడిన ఆయుధము విఱిగెను. నలుగురితో కలిపి వాడినది నిలిచెను.

అంత ధనము లేని చోటను ఉపాయము లేకపోలేదు. ఖమ్మము సీమలోని పునుకుల గ్రామపు ప్రత్తి రైతులు మందుల యప్పులలో మునిగియుండి, 2000 తరువాతి కొలది యేండ్లలో వేపకషాయము, ఎర పంటలు, దీపపు ఉచ్చులు మొదలగువానిని ఊరంతయు కలిసి వాడి రసాయనపు మందులను మానివేసిరి. అందు స్త్రీల సంఘములు ముందు నిలిచెను. ఆ దారినే రాష్ట్రప్రభుత్వము తరువాత పెక్కు గ్రామములకు వ్యాపింపజేయ యత్నించెను.

మన సీమలోను దీనికి పోలిక కలదు. తొలివానలు పడగనే మన్నులోనుండి లేచి వేరుసెనగను పాడుచేయు ఎఱ్ఱ గొంగళిపురుగునకు, మెట్ట రైతులు వేసవి దుక్కులు దున్నుదురు. వానపడిన రాత్రులలో గట్లపై మంటలు వేసి రెక్కలజీవులను కాల్తురు. చేను చుట్టు చాలు తీసి, జిల్లేడు ఆముదపు కొమ్మలు పఱచి పురుగులను పట్టుదురు. విషమునకు లొంగని పురుగును విషము పుట్టించును గాని, నాగలికిని మంటకును లొంగని పురుగు పుట్టుట అంత సులభము కాదు. ఈ పద్ధతులను మోటవని త్రోసివేయరాదు.

చదువుకొను బాలబాలికలు దీనిలో చేయదగిన పని యొకటి కలదు. మందు డబ్బాపై సన్నని అక్షరములలో మందు అసలు పేరును, రంగుగల త్రికోణమును ముద్రింపబడియుండును. ఎఱుపు మిక్కిలి ఘోరవిషము. దాని తరువాత పసుపు, నీలము, ఆకుపచ్చ క్రమముగా తగ్గినవి. ఇంట పెద్దలకు చదువు రానిచో ఆ పేరు చదివి చెప్పుడు. నిరుడు చల్లినదియు ఇప్పుడు కొన్నదియు ఒకే కుటుంబపువేమో చూచి చెప్పుడు. 2017లో మహారాష్ట్రమున యవత్మాల్ జిల్లాలో ప్రత్తికి మందు చల్లుచు ఆ గాలి పీల్చి ఇరువదిమందికి పైగా రైతులును కూలీలును మరణించిరి. కావున ముక్కునకు గుడ్డ, చేతులకు తొడుగులు లేక మందు ముట్టవలదనియు, గాలికి ఎదురుగా చల్లవలదనియు, ఖాళీ డబ్బాను నీళ్ళకు వాడవలదనియు బతిమాలి యైనను చెప్పుడు.

పురుగునకు బుద్ధి లేదు. అయినను తరతరమునకు గట్టిపడుచున్నది. మనుష్యునకు బుద్ధి కలదు; కాని ఒక తరము పడిన కష్టము రెండవ తరము మఱచినచో ఆ బుద్ధి నిష్ప్రయోజనము. పురుగును పూర్తిగా చంపుట మన చేతిలో లేదు. దానికి లోబడని పంటను పండించుట మాత్రము చేతిలో నున్నది. మందు చేతికెత్తుటకు ముందు చేనిలోనికి పోయి, ఆకు తిప్పి, పూవు విప్పి చూచువాడే ఆ పంటను పండింపగలడు.